బతికున్న బాన దగ్గర ఒప్పుకోలు

ఇమాంబీని పంపించెయ్యాలి. మౌలాలికి అది ఇష్టం లేదు. కానీ పంపించకపోతే మిగతావాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుందని అతని గట్టి నమ్మకం. ఆ ఉదయం అతనికి గంజి కూడా సయించలేదు.

మౌలాలి చెడ్డవాడని అనుకోకండి. ముందే చెబుతున్నాను, అలా అనుకున్నారంటే ఈ కథ వినీ దండగే. అతను ఒకరి మీద చెయ్యెత్తి ఎరగడు. ఎవరికైనా జ్వరమొస్తే తన దుప్పటి వాళ్ళకి కప్పి, తను చలికి ముడుచుకుని పడుకునే రకం. అతనికున్నదల్లా ఒకటే నమ్మకం. మంచిగా ఉన్నవాడికి మంచే జరుగుతుంది. చెడు జరిగిందంటే ఆ మనిషి ఎక్కడో ఏదో చేసే ఉంటాడు. ఈ నమ్మకం మనలో ఎంతమందికి లేదు చెప్పండి!

పెన్న ఒడ్డున రహమత్‌షా అని ఒక సూఫీ గురువు ఉండేవాడు. ఆయనా, ఆయన శిష్యులూ ఉండే చోటుని ఆస్తానా అనేవాళ్ళు. ఆ చుట్టుపక్కల ఏ కులంవాళ్ళయినా, ఏ మతంవాళ్ళయినా ఆయన్ని స్వామీ అనే పిలిచేవాళ్ళు. శిష్యులందరికీ ఒకటే పని, నీలి అద్దకం. ఉరుసుకు వచ్చే ఫకీర్లకి కట్టుకునే నీలిబట్టలు అక్కణ్ణుంచే వెళ్ళేవి. "ఊరికే కూర్చుంటే జపం రాదురా, కునుకొస్తుంది" అనేవాడు స్వామి.

నీలి అద్దకం ఎరగనివాళ్ళకి ఒక్క మాట. మెడదాకా నేలలో పాతిన పెద్ద పెద్ద బానలుంటాయి. వాటిలో నీళ్ళు పోసి, నీలిమందు, సున్నం, ఉడకబెట్టిన తగిరిస గింజలు వేసి, మూతపెట్టి పులియబెడతారు. కుదిరితే పైన నీలం నురగ కడుతుంది, కింద రసం పచ్చగా తేరుతుంది. అప్పుడు బాన బతికింది అంటారు. ఒక్కోసారి ఏమవుతుందో ఏమో, నురగ అణిగిపోయి, కుళ్ళు కంపు కొట్టి, ముంచిన బట్ట బూడిదరంగులో బయటికొస్తుంది. అప్పుడు బాన చచ్చింది అంటారు. చచ్చిన బాన ముందు మనుషులు నిజంగానే గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఆస్తానాలో ఒక ఆనవాయితీ ఉండేది. బాన చస్తే, దాన్ని చూసుకునే మనిషి ఆ బాన అంచున కూర్చుని, అందరి ముందూ తన తప్పేదో చెప్పుకోవాలి. ఒప్పుకోలు అనేవాళ్ళు దాన్ని. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. మొదట్లో అదొక సరదా. వంటింట్లో బెల్లంముక్క మాయం చేసింది నేనే అని ఒకడు, నమాజులో నిలబడి చేపల పులుసు గురించి ఆలోచించానని ఇంకొకడు. అందరూ పడీ పడీ నవ్వి, కుండలు పట్టుకుని బాన ఖాళీ చేసి మళ్ళీ నింపేవాళ్ళు. స్వామి కూడా దూరంగా కూర్చుని విని నవ్వుకునేవాడు.

మౌలాలి బానలన్నిటి మీదా పెద్ద పనివాడయ్యాక ఆ నవ్వు పోయింది. ఎందుకంటే అతని బాన ఎన్నడూ చావలేదు. చావని బాన ఉన్నవాడు చచ్చిన బాన ఉన్నవాణ్ణి చూస్తే ఏమనుకుంటాడు? అతనూ అదే అనుకున్నాడు.

ఒకసారి ఒకడు బానల మధ్య జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మౌలాలే కట్టు కట్టాడు, మౌలాలే గంజి తాగించాడు. తాగించి, పక్కన కూర్చుని, "ఏం చేశావురా, దేవుడు నీ మీద ఇంత కోపం పెట్టుకున్నాడు?" అని అడిగాడు. ప్రేమ లేక కాదు. ప్రేమగానే అడిగాడు.

అక్కడే జమాల్ అని ఒకడుండేవాడు. మహా బద్ధకస్తుడు. కలపాల్సిన పూట బాన కలపడు, మూత పెట్టాల్సిన పూట మూత పెట్టడు. అయినా అతని బాన నిక్షేపంగా బతికేది. మౌలాలి అది చూసి, "వీడు పైకి ఇలా కనిపిస్తాడు గానీ లోపల బంగారం" అనేవాడు. జమాల్ కూడా కొన్నాళ్ళకి అది నిజమేనని నమ్మేశాడు పాపం.

బానలు బతికినవాళ్ళకి మౌలాలి మంచి నీలిమందు ముందుగా పంచేవాడు. చచ్చినవాళ్ళకి అడుగున మిగిలిన పొడి. ఎవరికి తగింది వాళ్ళకి అనేవాడు. చివరికి, ఒకే మనిషి చేతిలో వరసగా రెండుసార్లు బాన చస్తే ఆ మనిషి ఆస్తానా విడిచి వెళ్ళిపోవాలని కూడా పెట్టాడు. ఎవరూ కాదనలేదు. బాన బతికినవాడు ఎందుకు కాదంటాడు? చచ్చినవాడు ఏ మొహంతో కాదంటాడు? ఇంతవరకూ ఎవరికీ రెండుసార్లు చావలేదు గనక స్వామి దాకా ఆ మాట వెళ్ళనే లేదు.

ఇమాంబీ భర్త హుస్సేనప్ప అక్కడే అద్దకం పనిచేసేవాడు. అతను జబ్బుచేసి పోయాక ఆమె అతని బాన అందుకుంది. పిల్లలు లేరు. పుట్టింట్లో అన్న ఉన్నాడు గానీ, చెల్లెలు గడపలో నిలబడితే లోపలికి రమ్మనేముందు భార్య మొహం చూసే మనిషి అతను. ఇమాంబీకి మిగిలింది ఆ ఆస్తానా, ఆ బానే. ఆమె చేతిలో అది ఒకసారి చచ్చింది. పక్కింటామెని నోటికొచ్చినట్టు తిట్టానని ఒప్పుకుంది. మళ్ళీ నింపారు. అదీ చచ్చింది.

ముందురోజు మధ్యాహ్నం ఆమెని బాన అంచున కూర్చోబెట్టారు. అందరూ చుట్టూ నిలబడ్డారు.

"చెప్పు వదినా" అన్నాడు మౌలాలి. హుస్సేనప్పని అన్నా అని పిలిచేవాడతను.

"ఏం చెప్పను నాయనా. పొద్దున్నే లేస్తా, బాన కలుపుతా, నమాజు చేసుకుంటా, ఇంత తిని పడుకుంటా."

"గుర్తు తెచ్చుకో. ఊరికే చావదు కదా బాన."

"నాకేం గుర్తు రావట్లా."

"తొందరేం లేదు. గుర్తు తెచ్చుకో."

కసురుకుని అడిగితే ఆమె తిరగబడేదేమో. అతను చాలా మెత్తగా అడిగాడు. ఇమాంబీ నీలం పట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, మంచి పిల్లలా ఆలోచించింది. వెతికితే దొరకందేముంటుంది? దొరికింది.

"ఆయన పోయిన పొద్దు, తెల్లారుజామున నీళ్ళడిగాడంట. పక్కింటామెకి వినబడిందంట. నాకు వినబడలా. నేను నిద్రపోయా."

"అదీ సంగతి" అన్నాడు జమాల్, ముడి విడిపోయినట్టు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. కారణం దొరికింది కదా, ఇక తమ బానలకి భయం లేదు.

"ఇప్పుడు మనసు తేలికపడిందా వదినా?" అని అడిగాడు మౌలాలి.

"ఊఁ" అంది ఇమాంబీ.

తెల్లారేసరికి ఆమె తన బట్టలు మూట కట్టేసుకుంది, ఎవరూ వెళ్ళమనకముందే. 'నా చెయ్యి మంచిది కాదు, నేనుంటే మీ బానలు కూడా పోతాయి' అని తనే అందరికీ చెప్పుకుంటూ తిరిగింది.

అప్పుడు వెళ్ళాడు మౌలాలి, స్వామి దగ్గరికి. స్వామి వసారాలో కూర్చుని పాత బొంత కుట్టుకుంటున్నాడు.

"స్వామీ, ఇమాంబీ వదిన వెళ్ళిపోతోంది. దీవించి పంపండి."

"ఎందుకు వెళ్తోంది?"

మౌలాలి జరిగిందంతా చెప్పాడు. తను ఏమడిగాడో, ఆమె ఏమందో, మాటకి మాట. ఏమీ దాచలేదు, ఏమీ కలపలేదు. సూది బొంతలోనే ఆగిపోయింది. నేనైతే అక్కడికక్కడే నాలుగు దులిపేసేవాణ్ణి. మీరైనా అంతే. ఆయన దులపలేదు.

"ఆమె వెళ్ళిపోతుంటే నీకేమీ అనిపించడం లేదా?"

"ఎందుకనిపించదు స్వామీ? రాత్రి కన్ను మూతపడితే ఒట్టు. కానీ న్యాయమనేది ఒకటుంది కదా. ఏమీ చెయ్యనివాడి బాన కూడా చస్తుందంటే ఇక మంచిగా ఉండటం దేనికి? ఇంత కష్టపడటం దేనికి? రేపు నా బాన మాత్రం బతుకుతుందని ఏమిటి నమ్మకం?"

ఆ చివరి మాటకి స్వామి తలెత్తి చూశాడు. శిష్యుడి నమ్మకం అడుగున ఉన్నది పొగరు కాదు, భయమని ఆయనకి అప్పుడు తెలిసిందనుకుంటాను. అందుకే కాబోలు, ఆ తర్వాత ఆయన చేసిన పనిలో ఎక్కడా కోపం లేదు.

"నీ బాన ఎలా ఉంది?" అని అడిగాడు.

మౌలాలి మొహం విప్పారింది. "దేవుడి దయ స్వామీ. నిన్న ముంచిన బట్ట నెమలిమెడలా వచ్చింది."

"పద, చూద్దాం."

బొంత పక్కన పెట్టి లేచాడాయన. స్వామి బానల వైపు వస్తున్నాడని తెలిసి అందరూ చేతిలో పనులు వదిలేసి వచ్చారు. మౌలాలి బాన మూత తీశాడు. నురగ నీలంగా, దట్టంగా కట్టి ఉంది. స్వామి మోకాళ్ళ మీద వంగి వాసన చూశాడు. వేలితో నురగ తీసి రుద్ది చూశాడు.

"అబ్బ, ఏముందిరా!" అన్నాడు. "నీ చేతిలో మంచి పనితనముంది మౌలాలీ. ఎన్నాళ్ళనుంచో చెబుదామనుకుంటూనే ఉన్నా."

ఆయన ఉత్తుత్తి మెప్పులు మెచ్చే మనిషి కాదు. మౌలాలికి కళ్ళు చెమర్చాయి.

"కూర్చో" అన్నాడు స్వామి.

"ఎక్కడ స్వామీ?"

"ఇదిగో, ఈ అంచు మీద."

మౌలాలికి అర్థం కాలేదు. "అక్కడ ఒప్పుకోలుకి కదా స్వామీ కూర్చునేది?"

"అవును. కూర్చుని చెప్పు. ఏం తప్పు చేశావు?"

"అది చచ్చిన బానకి స్వామీ. నాది బతికే ఉంది."

"బతికే ఉంది. ఇప్పుడేగా చూశాం. కూర్చో."

గురువు చెప్పాక తప్పదు గదా. మౌలాలి నవ్వుతూనే కూర్చున్నాడు.

"మొన్న జమాల్ మీద ఊరికే అరిచాను."

"ఊఁ."

"పోయిన రంజానులో ఒక పొద్దు కడుపునొప్పని ఉపవాసం వదిలేశాను. నిజం చెప్పాలంటే అంత నొప్పేం లేదు."

"ఓరి నీ! ఇంకా?" అన్నాడు స్వామి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎన్నాళ్ళకో ఆ బానల దగ్గర నవ్వు వినబడింది.

"అంతే స్వామీ. ఇంకేం లేవు."

"గుర్తు తెచ్చుకో" అన్నాడు స్వామి, చాలా మెత్తగా. "ఊరికే బతకదు కదా బాన."

నవ్వు ఠక్కున ఆగిపోయింది. మౌలాలి గురువు మొహంలోకి చూశాడు. అందులో వెటకారం ఏ మూలా లేదు.

"తొందరేం లేదు. గుర్తు తెచ్చుకో."

మౌలాలి తల దించుకుని నురగ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎండ నెమ్మదిగా బానల మీదికి వచ్చింది. ఎవరూ కదల్లేదు. ఆకలేస్తే ఒక్క క్షణం ఆగలేని జమాల్ కూడా కదల్లేదు.

"మా చెల్లెలు" అన్నాడు మౌలాలి చివరికి. అని ఆగిపోయాడు.

స్వామి ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"మా ఊళ్ళో కలరా వచ్చిన ఏడు మా అమ్మ మనిషిని పంపింది. చెల్లెలికి సోకింది, అన్నని చూడాలంటోంది, వెంటనే రమ్మని. నేను అప్పుడే కొత్త బాన నింపాను. ఉరుసు దగ్గరపడింది. ఇప్పుడు వదిలేసొస్తే బాన చస్తుంది, అది కుదరగానే వస్తానని చెప్పి పంపేశా. నేను వెళ్ళేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది."

ఎవరూ అడక్కుండానే మళ్ళీ అన్నాడు. "బాన సాకు స్వామీ. నాకు ఆ జబ్బంటే భయమేసింది. అందుకని వెళ్ళలేదు."

స్వామి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అలాగే ఉంచి, "ఆ బాన ఏమైంది?" అని అడిగాడు.

మౌలాలి బాన అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"చెప్పు నాయనా. ఆ వారం నువ్వు నింపిన బాన ఏమైంది?"

"బతికింది స్వామీ." అన్నాడు మౌలాలి. "ఆ ఏడు అంత మంచి నీలం ఎవరికీ రాలేదు. ఉరుసులో అందరూ నన్నే మెచ్చుకున్నారు. పెద్ద పనివాణ్ణి చేసింది కూడా ఆ తర్వాతే."

స్వామి భుజం మీది తెల్ల తువ్వాలు తీశాడు. మౌలాలి పక్కనే వంగి దాన్ని ఆ బానలో ముంచాడు. కాసేపుంచి పైకి తీశాడు. తీసినప్పుడు పచ్చగా ఉన్న తువ్వాలు, గాలి తగిలే కొద్దీ అందరి కళ్ళముందే నీలంగా మారింది. పిండి, దులిపి, వెలుగుకి పట్టి చూశాడు.

"మంచి రంగు" అన్నాడు.

అంతే. ఇంకొకరైతే అక్కడ పొద్దుగూకేదాకా ఉపన్యాసం దంచేవాళ్ళు. ఆయన తువ్వాలు దండెం మీద ఆరేసి చేతులు తుడుచుకున్నాడు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మౌలాలి లేవలేదు. అలాగే అంచున కూర్చుండిపోయాడు.

గుంపు వెనకనుంచి ఇమాంబీ ముందుకొచ్చింది. చంకలో మూట ఉంది.

"స్వామీ, మరి నా బాన ఎందుకు చచ్చింది?"

"నాకు తెలీదమ్మా" అన్నాడు స్వామి.

గురువు నోట ఆ మాట వినడం అక్కడ చాలామందికి అదే మొదటిసారి. ఇమాంబీకి అది చాల్లేదు.

"నేను నిద్రపోబట్టి కాదా?"

స్వామి ఆమె ఎదురుగా నేల మీదే చతికిలబడ్డాడు. "హుస్సేనప్ప ఎన్నాళ్ళు మంచంలో ఉన్నాడమ్మా?"

"వానలు పడ్డప్పటినుంచీ స్వామీ. చలికాలం వచ్చేదాకా."

"రాత్రిళ్ళు ఎవరు చూసుకునేవాళ్ళు?"

"నేనే."

"పగలు?"

"నేనే స్వామీ. ఇంకెవరున్నారు?"

"మరి నువ్వెప్పుడు పడుకునేదానివి?"

ఇమాంబీ ఆలోచించింది. నిన్నటిలాగే అందరూ ఆమె జవాబు కోసం ఎదురుచూశారు. నిన్న అంత తేలిగ్గా దొరికిన జవాబు ఇవాళ ఎంత వెతికినా దొరకలేదు. మూట కిందపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. ఈ ప్రశ్న ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పక్కింటామె అడగలేదు, మౌలాలి అడగలేదు, ఆమెని ఆమే అడుక్కోలేదు. జమాల్ ఆమె వైపు చూడలేక దండెం మీది తువ్వాలుని చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు లేచాడు మౌలాలి. ఆమె దగ్గరికి వెళ్ళలేదు. ఏమని వెళ్తాడు? నేరుగా ఆమె చచ్చిన బాన దగ్గరికి వెళ్ళి, పంచె ఎగ్గట్టి, ఆ కుళ్ళు నీళ్ళు కుండతో తోడి పారబోయడం మొదలుపెట్టాడు. కంపు ఆస్తానా అంతా కమ్ముకుంది. తోడి, లోపలికి దిగి కడిగి, కొత్త నీళ్ళు నింపాడు. సున్నం, గింజలు వేశాడు. తన బాన కోసమని విడిగా దాచుకున్న నీలిమందు తెచ్చి అదీ వేశాడు.

బతికున్న బానలోంచి కొంత రసం తెచ్చి తోడు వేస్తే కొత్త బాన తొందరగా కుదురుతుంది. కానీ బాన చచ్చినవాళ్ళకి తోడిస్తే ఆ పాపం తమ బానకి అంటుకుంటుందని అక్కడ ఇవ్వడం మానేసి చాలా కాలమైంది. మానమన్నది మౌలాలే. ఇప్పుడు అతనే తన బానలో కుండ ముంచాడు. నిండా తెచ్చి ఇమాంబీ బానలో పోశాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తెచ్చాడు.

"అన్నా, అంత తీసేస్తే నీ బాన చస్తుందేమో" అన్నాడు జమాల్ కంగారుగా.

"చస్తే చావనీ" అన్నాడు మౌలాలి, కుండ దించకుండానే.

జమాల్‌కి మనసు నిలవలేదు. స్వామి వైపు తిరిగాడు. "స్వామీ, ఈసారైనా ఆమె బాన బతుకుతుందంటారా?"

"బతికితే అద్దుతాం. చస్తే పారబోసి మళ్ళీ నింపుతాం" అన్నాడు స్వామి. "నువ్వు ముందు ఆమె మూట తీసుకెళ్ళి లోపల పెట్టు. ఎండలో ఉంది."